మార్పు నెల

చిన్నోడికి,

అక్క దీవెనలు. ఇక్కడ నేనూ మీ బావా క్షేమం. నువ్వూ, మరదలూ, పిల్లా బాగున్నారనే అనుకుంటున్నాను. ఉత్తరం మొదట్లో ఈ మాట అందరూ రాస్తారు, సగం మంది అబద్ధమే రాస్తారు. మేం మాత్రం నిజంగానే క్షేమం. మా ఫ్యాక్టరీ వాళ్ళలో ఈ ఏడాది ఆ మాట ధైర్యంగా రాయగలిగిన ఇళ్ళు ఎన్నో లేవు.

ఫోన్లో ఏమీ మాట్లాడొద్దన్నావు కాబట్టి ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ కాగితం పట్టుకున్నాను. నీ ఉత్తరం అంది పదిహేను రోజులు దాటింది. జవాబు ఆలస్యమైందని చిన్నబుచ్చుకోకు. రెండుసార్లు మొదలుపెట్టి చించేశాను. చేతిరాత అలవాటు తప్పింది, అక్షరాలు నాకే నచ్చలేదు.

నా మోకాలు ఎలా ఉందని అడిగావు. మెట్లు దిగేటప్పుడే నొప్పి, ఎక్కేటప్పుడు లేదు. డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, ఎక్కడికీ దిగకండి అని నవ్వింది. మీ బావ పొద్దున్నే నడకకు వెళ్తున్నాడు. నడక అంటే వీధి చివర బల్ల మీద కూర్చుని పేపరు చదివి రావడం. వంటింటి గోడకు టైల్స్ వేయించాం. కొళాయి కారేది, అది కూడా మార్పించాం. పిల్ల డ్రాయింగు నీ ఉత్తరంతో పాటు వచ్చింది, ఫ్రిజ్ మీద అంటించాను. అందులో నాకు మూడు చేతులు వేసింది. ఫ్యాక్టరీ పనికి అవి కూడా చాలవని చెప్పు.

ఫ్యాక్టరీ అలాగే ఉంది. సీసాలు బెల్టు మీద వస్తాయి, వెనక తెల్లటి లైటు పలక, ముందు మేము. పగులున్నదీ, బుడగ ఉన్నదీ తీసి తొట్టిలో పడేస్తాం. అవి మళ్ళీ కొలిమిలోకి పోతాయి. ఇరవై నిమిషాలకోసారి కళ్ళు మార్చుకోమని ఒకరి జాగాలో ఒకరిని కూర్చోబెడతారు. కళ్ళు మాత్రం అవే ఉంటాయి. నాకింకా మూడేళ్ళ సర్వీసుంది.

అక్కడ నా పేరు వినపడుతోందా అని అడిగావు. నీ పేరు ఎవరికీ గుర్తు లేదు. నువ్వు తొమ్మిదేళ్ళ క్రితం మా క్యాంటీన్లో టై కట్టుకుని మాట్లాడావే, ఆ రోజు నుంచి నువ్వు టైబాబువి. ముద్దుగానే అనేవాళ్ళు. కొలిమి వేడికి మగాళ్ళంతా బనీన్లతో కూర్చున్న చోట నువ్వొక్కడివే మెడకు ఉరి బిగించుకుని నిలబడ్డావు మరి. ఇప్పుడు కూడా టైబాబనే అంటారు. ఆ ఉరి మాట మాత్రం ఇప్పుడు నవ్వుతూ అనడం లేదు.

ఆ రోజు నీకు గుర్తుందో లేదో, నాకు మాత్రం ప్రతి మాటా గుర్తుంది. చట్టం కొత్తగా వచ్చింది. ప్రతి జీతంలో పదో వంతు కోసి, అంతే యాజమాన్యం కలిపి, ప్రభుత్వం ఒప్పుకున్న ఫండుల్లో ఏదో ఒకదాంట్లో వేయాలి. అరవై నిండేదాకా ఆ డబ్బు ముట్టుకోవడానికి వీల్లేదు. ఏ ఫండో తేల్చడానికి అయిదుగురి కమిటీ వేశారు. యాజమాన్యం వాళ్ళిద్దరు, కార్మికుల తరఫున నేనూ కొలిమి మేస్త్రీ, మధ్యలో అకౌంట్స్ పెద్దాయన. చివరికి రెండు ఫండులు మిగిలాయి. ఒకటి బూడిదరంగు అట్టతో సన్నటి పుస్తకం పంపిన ఫండు. ఎక్కువా రాదు, తక్కువా రాదు, ఫీజు కూడా పెద్దగా ఉండదు. రెండోది మీ కంపెనీది. ఓట్లు రెండూ రెండూ పడ్డాయి. మీ తమ్ముడి కంపెనీ కదా, మీరు చెయ్యెత్తకపోతే మంచిదేమో అని పెద్దాయన నెమ్మదిగానే అన్నాడు. నేను ఎత్తాను. బయటికొచ్చాక నాకు అభినందనలు చెప్పినవాళ్ళలో మొదటి మనిషి పొడుగక్క.

పొడుగక్కను నువ్వు చూశావు. బెల్టు దగ్గర నా పక్క జాగా ఇరవయ్యారేళ్ళు ఆవిడదే. ఆరడుగుల మనిషి, స్టూలు మీద కూర్చున్నా మేం నిలబడ్డంత ఉండేది. నువ్వు చదువుకునే రోజుల్లో నీ పరీక్ష ఫీజుకి నా ఓవర్‌టైమ్ చాలకపోతే, తన వంతు ఓవర్‌టైమ్ నాకిచ్చి తను ఇంటికి వెళ్ళిపోయిన మనిషి ఆవిడే. ఆ సంగతి నీకు చెప్పానో లేదో.

మొదటి అయిదేళ్ళు నీ ఫండు బాగానే నడిచింది, అది ఒప్పుకోవాలి. అందరూ హడలిపోయి షేర్లు అమ్ముకున్న ఏడాది, బయటి ఫండుల వాళ్ళకు జనం డబ్బు వెనక్కి తీసుకుంటుంటే తిరిగిచ్చుకోవడంతోనే సరిపోయింది. నీ దగ్గర మాత్రం ఒకటో తారీఖు వచ్చేసరికి మా జీతాల డబ్బు వచ్చి పడేది. ఎవరూ వెనక్కి అడిగేవాళ్ళు లేరు. నువ్వు చవగ్గా కొన్నావు, నిదానంగా దాచావు. చట్టం చేసినవాళ్ళు కోరుకున్నదీ అదేనని పేపర్లో రాశారు. మా క్యాంటీన్ గోడకు ఆ పేపరు ముక్క అంటించారు. నేను ఆ గోడ పక్కనే కూర్చుని తినేదాన్ని.

ఆ తర్వాత ఎండల సెలవుల్లో మీ ఇంటికొచ్చినప్పుడు, భోజనాల దగ్గర నువ్వొక మాటన్నావు. నువ్వు చూసే ఫండులు రెండట. బయటి జనం కోసం ఒకటి, మా బోటి వాళ్ళ రిటైర్మెంట్ డబ్బు కోసం ఒకటి. బయటివాళ్ళు హోటలుకొచ్చిన వాళ్ళలాంటివాళ్ళు, కూర బాగాలేకపోతే లేచి పక్క హోటలుకి పోతారు. రిటైర్మెంటు వాళ్ళు హాస్టలు పిల్లలు, ఏది పెట్టినా తింటారు అన్నావు. మరదలు నవ్వింది. మీ బావ నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతూ ఇంకో ముద్ద పెట్టించుకున్నాను.

తర్వాతి ఏడాది నీ బయటి ఫండుకి మొదటి బహుమతి వచ్చింది. స్టేజీ మీద నువ్వు గాజు బిళ్ళ పట్టుకున్న ఫొటో పంపావు. ఆ బిళ్ళలో బుడగ ఉందని పొడుగక్క వెంటనే పట్టేసింది. అందరం నవ్వుకున్నాం. ఆ ఏడాది మా రిటైర్మెంటు ఫండుకి వచ్చిన లాభం ఎంతో ఎవరూ అడగలేదు. మూడు నెలలకోసారి వరస వేసి అచ్చువేసేది బయటి ఫండులనే కదా. మాది అయిదేళ్ళకోసారి చూస్తే చాలని రూలు. రోజూ ధరలు చూసి కూలి జనం బెంబేలెత్తకూడదని, కొన్న బాండ్లను కొన్న ధరకే పుస్తకంలో రాసుకోవచ్చని ఇంకో రూలు. రెండూ మా మంచి కోసం రాసినవే. నువ్వు వాటిని గోనెసంచి చేసుకున్నావు.

ఆ సంచిలో ఏం వేశావో నువ్వు చెప్పేదాకా నాకు తెలీదు. అది మాత్రం నిజం. పోయినేడు మార్పు నెలలో, మూడో వారమనుకుంటా, మధ్యాహ్నం షిఫ్టు విరామంలో ఫోన్ చేశావు. ఏడాదికి ఆ ఒక్క నెలలోనే మాకు ఫండు మార్చుకునే వీలు. ఫారం నింపి బూడిదరంగు పుస్తకంలోకి మారిపో అన్నావు. ఎందుకన్నాను. అడక్కు అన్నావు. చెప్పకపోతే నింపనన్నాను. అప్పుడు చెప్పావు. ఒక బిల్డరు బాండ్లు నీ బయటి ఫండులో ఉండేవి. వాడు వడ్డీ కట్టడం మానేశాడు. ఆ సంగతి లెక్కల్లో కనపడితే హోటల్లో కూర్చున్నవాళ్ళందరూ లేచిపోతారు. అందుకని ఆ బాండ్లను నిండు ధరకు మా ఫండు చేత కొనిపించావు. ఎడమ చేత్తో అమ్మి కుడి చేత్తో కొన్నావు. రెండేళ్ళు అలాగే నడిచింది, నెలనెలా వచ్చే మా జీతాల డబ్బు చాలక, మంచి షేర్లు కూడా అమ్మి ఆ చెత్త కొన్నావు. నీ బహుమతి అలా వచ్చింది. ఇప్పుడు రూలు మారుతోంది, వచ్చే నెల ఒకటి నుంచి రిటైర్మెంటు ఫండులు కూడా ఆ రోజు మార్కెట్ ధరే రాయాలి, కింద ఏమీ మిగలదు అన్నావు.

నేను దేని గురించి అడిగానో గుర్తుందా? మిగతావాళ్ళ సంగతేమిటని అడిగానని నువ్వనుకుంటూ ఉండొచ్చు, ఇన్నాళ్ళలో నేనూ అలాగే అనుకుంటూ వచ్చాను. అడగలేదు. ఫారం ఏ కిటికీలో ఇస్తారని అడిగాను. ఇద్దరు ముగ్గురు మారితే ఎవరూ పట్టించుకోరు, లైను మొత్తం కదిలితే పైనుంచి చూస్తారు, జాగ్రత్త అని నువ్వే అన్నావు.

మర్నాడు ఫారం నింపి పెట్టెలో వేశాను. ఇంతవరకూ నీకు తెలుసు. ఇకమీద రాసేది నీకు తెలీదు.

నెల ఇంకో నాలుగు రోజుల్లో అయిపోతుందనగా, చేతులు కడుక్కునే చోట పొడుగక్క నన్ను ఆపింది. ఇంకో పదిహేను రోజుల్లో ఆవిడకు అరవై నిండుతాయి. ఆవిడ మొగుడు మా సీసాల లారీ నడిపినాయన. షుగరుకి ఒక కాలు తీసేశారు. వాళ్ళుండేది నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. ఆయన రెండేళ్ళుగా కిందికి దిగలేదు, కిటికీలోంచి వీధి చూస్తూ ఉంటాడు. డబ్బు చేతికి రాగానే కింద అంతస్తులో రెండు గదులు కొనుక్కోవాలని, బయానా కూడా ఇచ్చేసింది. మిగిలినదాంతో తన కళ్ళకు ఆపరేషను. లైటు పలక ముందు ఇరవయ్యారేళ్ళు కూర్చున్న కళ్ళు, పొర కమ్మేసి అచ్చు అక్షరాలు కూడా ఆనడం లేదు.

"చెల్లీ, నేను కూడా ఆ బూడిదరంగు పుస్తకంలోకి మారిపోనా?" అంది. "ఉన్నదేదో కదలకుండా ఉంటుందేమో. నీకైతే తెలుస్తుంది."

నేను సబ్బు రుద్దుకుంటున్నాను. నాకు టైముంది, ఆలోచించాను. నోరు జారిందని నీ దగ్గర అబద్ధమాడను. అప్పటికి కొలిమి మేస్త్రీ ఒకడు వాడంతట వాడే మారాడు, నేను మారాను. ఆవిడ మారితే మూడవుతుంది. ఆవిడ మారిందంటే లైనులో సగం మంది ఆవిడ వెనకే మారతారు, ఆవిడ మాటంటే అంత గురి. లైను కదులుతుంది. పైనుంచి చూస్తారు. నీ పేరు వస్తుంది.

"ఎందుకక్కా, మా తమ్ముడున్నాడుగా," అన్నాను.

ఆవిడ మొహం తేటపడింది. నా తువ్వాలుతోనే చేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది.

నీ కోసమే అలా అన్నానని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. సగం నిజం. మిగతా సగం కూడా రాస్తాను, ఇంకెవరికి రాయను. ఇరవయ్యారేళ్ళలో నేను వదిలేసిన పగుళ్ళన్నీ ఆవిడ పట్టుకునేది. నేను దాటించిన సీసాను చెయ్యి చాపి తీసి, ఏమీ అనకుండా తొట్టిలో వేసేది. ఒక్కసారి కూడా సూపర్‌వైజరుకి చెప్పలేదు. అలా చెప్పకపోవడమే నాకు మంటగా ఉండేది. ఆ రోజు కొళాయి దగ్గర, ఆవిడకు కనపడనిది నాకు కనపడింది. ఆ సుఖం ఇలా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలీదు.

ఒకటో తారీఖున క్యాంటీన్ తలుపుకి నోటీసు పెట్టారు. ఫండు విలువ సగానికి పడిపోయింది. అరుపులూ ఏడుపులూ ఉంటాయనుకున్నాను. ఏమీ లేవు. చదివినవాళ్ళు చదవలేనివాళ్ళకు చెప్పారు, బెల్టు ఆగలేదు, అందరూ ఎవరి జాగాల్లో వాళ్ళు కూర్చున్నారు. ఆ షిఫ్టులో పగుళ్ళన్నీ దాటిపోయాయి, రెండు లారీల సరుకు వెనక్కొచ్చింది. ముప్పయ్యేళ్ళ వయసువాళ్ళు, మనకు అరవై వచ్చేసరికి మళ్ళీ లేస్తుందిలే అని సర్దిచెప్పుకున్నారు. లేస్తుందేమో కూడా.

పొడుగక్కకు ఆ టైము లేదు. అరవై నిండిన రోజున, ఆ రోజు ధరకే అమ్మి డబ్బు చేతిలో పెట్టాలని రూలు. పూర్వం కంపెనీలు ఏళ్ళ తరబడి తిప్పుకునేవట, ఆ బాధ తప్పించడానికి పెట్టారు. నోటీసు వచ్చిన పదకొండో రోజున ఆవిడకు అరవై నిండాయి. ఆఫీసులో కిటికీ ముందు నిలబడి, నా డబ్బు నాకిప్పుడు వద్దు, రెండేళ్ళు అక్కడే ఉంచండి అని బతిమాలింది. నేను పక్కనే ఉన్నాను, తోడు రమ్మంటే వెళ్ళాను. అలా ఉంచడం మీకు నష్టమమ్మా, చట్టం ఒప్పుకోదు అన్నాడు గుమస్తా. పాపం మర్యాదగానే చెప్పాడు. గోడ గడియారం ఒకటి బహుమానంగా ఇచ్చారు. బయానా ఇచ్చిన గదులు ఇంకొకరు కొనుక్కున్నారు, బయానా పోయింది. కళ్ళ ఆపరేషను వాయిదా పడింది. ఆయన ఇంకా కిటికీ దగ్గరే ఉన్నాడు.

ఆ తర్వాత నెల రోజులకు ఆవిడ నాలుగిళ్ళలో పని వెతుక్కుంటోందని తెలిసింది. మా ఇంటికి రమ్మన్నాను. మా పై వాటా టీచరమ్మ ఆ సంగతి విని, ఈ రోజుల్లో స్నేహితులను ఇలా ఎవరు చూసుకుంటారు, మీ మనసు మంచిది అంది. కాదనలేదు. వీధిలో మిగతావాళ్ళు ఎంతిస్తున్నారో కనుక్కుని సరిగ్గా అంతే ఇచ్చాను. కొంచెం ఎక్కువిస్తే ఎందుకిస్తున్నావని అడుగుతుందేమోనని భయం. మొదటి రోజు వచ్చి బకెట్ ఎక్కడుందని అడిగింది. ఇదే ఇంట్లో నాతో కూర్చుని ఇరవయ్యారేళ్ళు టీ తాగిన మనిషి. అలమార్లో చక్కెర ఏ డబ్బాలో ఉంటుందో తెలుసు. బకెట్ ఎక్కడుంటుందో తెలుసుకునే అవసరమే అప్పటిదాకా రాలేదు. స్నానాల గదిలో తలుపు వెనక అని చెప్పాను.

కళ్ళు ఆనవు కదా, మూలల్లో దుమ్ము వదిలేసేది. ఆవిడ వెళ్ళాక నేను మళ్ళీ తుడుచుకునేదాన్ని. ఒక రోజు తుడుచుకోకుండా, ఇక్కడ మిగిలిపోయిందక్కా అని చూపించాను. ఏమీ అనకుండా వంగి తుడిచింది.

ఇక నీ అసలు ప్రశ్నకొస్తాను. ఫండుల మీద అజమాయిషీ చేసే పై ఆఫీసుకి ఫిర్యాదు వెళ్ళిందని విన్నావు, ఎవరు రాశారో కనుక్కోమన్నావు. నేనే రాశాను.

కంగారు పడకు. రెండు నెలల క్రితం పొడుగక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి, కళ్ళు కనపడవు, నువ్వే రాసిపెట్టు అంది. కుర్చీ వేస్తే కూర్చోలేదు, నిలబడే చెప్పింది. తన సర్వీసు ఎంతో, డబ్బెంత పోయిందో చెప్పింది. ఈ ఫండు చూసే మేనేజరు ఎవరో, ఆయన మనిషి మన కమిటీలో ఎవరున్నారో అది కూడా వివరంగా రాయి అంది. అలాగే అన్నాను. మొదటి రెండూ రాశాను. మూడోదానికి బదులు, మార్కెట్ పరిస్థితుల వల్ల నష్టం జరిగినట్టు తెలుస్తున్నది, దయతో సాయం చేయగలరు అని రాశాను. చదివి వినిపించమంది. ఆవిడ చెప్పినట్టే చదివాను, రాసింది కాదు. సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పట్టుకుని చూపించాను, పెట్టింది. తనే పోస్టు చేస్తానని తీసుకుపోయింది.

నీ పేరు అందులో ఎందుకు లేదో ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది. ఇక్కడితో ఆపేస్తే ఇది నీకు మంచి ఉత్తరమే అయ్యేది.

పోయిన శుక్రవారం నెలాఖరు. పని ముగించి, బకెట్ కడిగి బోర్లించి, జీతం కోసం వచ్చింది. ఒక పూట రాలేదు, అది తీసేసుకో అంది. తీసేసే ఇచ్చాను. కొంగున ముడేసుకుని, వెళ్ళకుండా అక్కడే నిలబడింది.

"నష్టపోయినవాళ్ళ లిస్టు గేటు దగ్గర పెట్టారు చెల్లీ, చలికాలంలో. మందుల షాపు ఆవిణ్ణి తీసుకెళ్ళి చదివించుకున్నాను. అందులో నీ పేరు లేదు."

ఆవిడ ఆగింది. మాట వెతుక్కోవడానికి నాకు టైమిస్తున్నట్టు ఆగింది.

"అప్పుడే అడుగుదామనుకున్నా. ముందు నువ్వేం రాస్తావో చూద్దామనిపించింది. అందుకే నీ చేత రాయించాను. నువ్వు రాసింది కూడా ఆవిడే చదివి పెట్టింది."

తన అసలు ఫిర్యాదు మందుల షాపు ఆవిడ చేత రాయించి, తనే వెళ్ళి ఇచ్చి వచ్చిందట. మన ఇద్దరి పేర్లూ ఉన్నాయట. కోపంగా చెప్పలేదు. తొట్టిలో సీసా వేసినట్టు చెప్పింది. ఆ తర్వాత, గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ ఇంకో మాట చెప్పింది. ఇలాంటి వాటిలో ముందుగా వచ్చి నిజం చెప్పినవాళ్ళ మీద కేసు ఉండదట, వాళ్ళ డబ్బు కూడా ముట్టుకోరట. ఒక్కరికే. రెండోవాళ్ళు వస్తే లాభం లేదు. సోమవారం ఆఫీసు తెరుస్తారు అంది.

"నాకెందుకు చెప్తున్నావక్కా?" అన్నాను.

"తెలిసిన మాట మింగేసి కూర్చోవడం నాకు చేతకాలేదు," అంది. "రేపటి నుంచి రాను. బకెట్ తలుపు వెనకే పెట్టాను."

మీ బావకు చెప్పాను. చెవి మిషను పెట్టుకుని మొత్తం విన్నాడు. వాడికి ఫోన్ చెయ్యి, చిన్నవాడు, పిల్లుంది, వాణ్ణి ముందు వెళ్ళమను, మనకేముంది అన్నాడు. నాకు మూడేళ్ళ సర్వీసు, మోకాలు, ఈ ఇల్లు ఉన్నాయని చెప్పాను. మిషను తీసి జేబులో పెట్టుకున్నాడు. అప్పట్నుంచి మళ్ళీ పెట్టుకోలేదు.

శనివారం, ఆదివారం ఫోను నా పక్కనే ఉంది. నీ నంబరు చూడకుండా నొక్కగలను. ఫోన్లో ఏమీ మాట్లాడొద్దని నువ్వే అన్నావని ఒకసారి అనుకున్నాను. ఆ సాకు నాకే నచ్చలేదు. చెయ్యలేదు, అంతే. ఆదివారం సాయంత్రం నువ్వే చేశావు, పిల్ల వేసిన బొమ్మ నాకు నచ్చిందో లేదో అడగమంటోందని. నచ్చిందన్నాను. అంతా బాగేనా అని అడిగావు. బాగే అన్నాను.

సోమవారం పొద్దున తలుపులు తెరిచేసరికి అక్కడున్నాను. మూడో అంతస్తు, ప్లాస్టిక్ కుర్చీలు, టోకెన్ నంబరు ఒకటి. ఆఫీసరమ్మ నా కూతురి వయసుంటుంది, మంచినీళ్ళు ఇచ్చింది. భోజనాల దగ్గర నువ్వన్న మాట, ఎడమ చేతా కుడి చేతా, మార్పు నెల ఫోను, ఏ తారీఖు, ఎన్ని నిమిషాలు, అన్నీ చెప్పాను. పొడుగక్కతో నేనన్న మాట కూడా చెప్పాను, అది వాళ్ళకు అవసరం లేదంది. కేసులో అది రాదట. ఆ ఒక్కటీ రాసుకోలేదు.

మీ తమ్ముడు రాసిన కాగితం ఏదైనా ఉందా అని అడిగింది. సంచిలోంచి నీ ఉత్తరం తీసి ఇచ్చాను. ఫిర్యాదు ఎవరు రాశారో కనుక్కోమన్న వాక్యం కింద ఎర్ర పెన్సిలుతో గీత గీసుకుంది. నకలు ఇస్తామన్నారు కానీ ఇంకా ఇవ్వలేదు. అందుకని నీ ప్రశ్నలకు గుర్తున్నంతవరకే జవాబు రాశాను. ఏదైనా మర్చిపోతే మనసులో పెట్టుకోకు.

బుధవారం దాకా నీకు తెలియకూడదని నా చేత సంతకం పెట్టించుకున్నారు. ఇవాళ బుధవారం. వాళ్ళు పొద్దున్నే బయల్దేరి ఉంటారు, ఇది రాస్తుండగా మీ ఇంటికి చేరి ఉంటారు కూడా. పిల్ల స్కూలుకు వెళ్ళాకే వెళ్ళమని అడిగాను. చూస్తామన్నారు.

మామూలు పోస్టులోనే వేస్తున్నాను.

ఇట్లు,
నీ చదువుకి ఓవర్‌టైమ్ చేసిన
అక్క